ఒంటికొమ్ముది

ముందు తప్పు చెబుతాను, ప్రేమ సంగతి తర్వాత.
రెండో భాగంలో క్యోటో తగలబడుతుంటే
గుడి కప్పు మీంచి జారిందే ఒక పెంకు,
అది ఆ యుద్ధాల నాటిది కాదు.
ఒకే పలకలో అల తిరిగిన పెంకు రావడానికి
ఇంకా రెండొందల ఏళ్ళు పట్టింది.
అప్పట్లో వెల్లకిలా ఒకటి, బోర్లా ఒకటి పేర్చేవాళ్ళు.
అవాజి దీవిలో నలభై ఏళ్ళుగా మట్టి పిసుకుతున్నదాన్ని,
నా కళ్ళు కప్పగలరా?

పని నేర్చుకుంటున్న పిల్ల నగిసా పగలబడి నవ్వింది.
"మసుయో గారూ, రాక్షసులు కప్పు దిగి నడుస్తుంటే
మీకు పెంకు అంచు కనబడిందా?"
కనబడింది.

కథ ఇంతే. ఊరు కాలిపోయాక
కప్పు కొసల్లో దిష్టి కాచిన రాక్షస ముఖాలు
తాము కాపాడలేని మనుషుల్ని వెతుక్కుంటూ పోతాయి.
కాళ్ళు లేవు, అరువు తెచ్చుకుంటాయి.
ఒకదానికి కొంగవి.
ఒకదానికి చచ్చిన సిపాయివి.
ఒంటికొమ్ముదానికి మాత్రం ఆరేళ్ళ పిల్లవి.
అందుకే మెల్లగా నడుస్తుంది, ఏకంగా ఏడు భాగాలు.
ఓపిక లేనివాళ్ళు అక్కడే మానేశారు.
మానెయ్యనీ. మా దగ్గర మట్టి ఆరడానికే నెల పడుతుంది.

తొమ్మిదో భాగంలో ఇల్లు దొరుకుతుంది.
అంటే, ఇల్లు ఉండిన చోటు.
బూడిదలో నాలుగు పునాది రాళ్ళు, ఒక బావి.
ఒంటికొమ్ముది అటూ ఇటూ చూసి
కప్పు ఎంత ఎత్తున ఉండేదో
అంత ఎత్తుకి మెడ సాచి
తూర్పుకి తిరిగి
కాపలా కూర్చుంటుంది.
సంగీతం లేదు. రెండు నిమిషాలు వాన.
నా చేతిలో నూడుల్స్ గిన్నె చల్లారిపోయింది.

భూకంపం వచ్చిన ఆ జనవరిలో
దీవి ఉత్తరాన, శిథిలాల కింద
నాన్న చేసిన ముఖం వెల్లకిలా దొరికింది.
కొమ్ము ఒకటి లేదు.
పెంకుల బరువుకే ఇల్లు కూలిందన్నారు ఊళ్ళోవాళ్ళు.
నాన్న వాదించలేదు.
దాన్ని కడిగి, తుడిచి
బట్టీ గట్టు మీద తూర్పుకి తిప్పి పెట్టాడు.
ఈ బొమ్మలు గీసినవాళ్ళకి ఆ సంగతి ఎవరు చెప్పారు?
ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే తెలిసింది.
ఆ రెండు నిమిషాలకి
పెంకు అంచు తప్పు మాఫీ.

రెండో సీజన్ సంగతి నా దగ్గర ఎత్తొద్దు.
ఒంటికొమ్ముదానికి కత్తి ఇచ్చారు,
అదీ నిప్పులు కక్కే కత్తి!
కాపలా కాసేదానికి కత్తెందుకు?
దాని పని చూడడం.
రాక్షస ముఖానికి రెప్పలు చెక్కకూడదని
నాన్న నా వేళ్ళ మీద కొట్టి మరీ నేర్పాడు.
నాలుగో భాగంలో అది రెప్ప వేసింది.
టీవీ కట్టేశాను.

ఇప్పుడు ఎక్కడెక్కడి పిల్లలో ఉత్తరాలు రాస్తున్నారు,
అరచేతంత ఒంటికొమ్ముది కావాలట.
నగోయా నుంచి ఒకతను:
"మాది పదకొండో అంతస్తు. కప్పు మాది కాదు.
ఫ్రిజ్ మీద పెట్టుకుంటాను."
నవ్వొచ్చింది. రాత్రి పడుకున్నాక రాలేదు.
పొద్దున్నే కార్డు రాశాను:
మీ ఫ్రిజ్ ఎటు తిరిగి ఉంటుంది?

ఒక కొమ్ముతోనే చేసేస్తే పని తగ్గుతుందంది నగిసా.
తగ్గుతుంది, కానీ పుట్టుకతోనే విరిగినట్టు చెయ్యడం
నాకు చేతకాదు.
రెండూ పెట్టి కాల్చాలి, విరగ్గొట్టడం ఆ తర్వాత.

నిన్న బట్టీ తెరిచాం.
వెండి రంగు తేలి, పొగ వాసనతో
రెండు కొమ్ములతో నా వంక చూస్తోంది.
నగిసా సుత్తి తెచ్చి పక్కన పెట్టింది.
టీ తాగి చూద్దాం అన్నాను.
ఇది మూడో టీ.